ఎండకూ గిట్టుబాటు ధర కావాలి

సూర్యుణ్ణి ప్రత్యక్ష నారాయణుడంటూ తరతరాలుగా దండం పెడుతున్న దేశం మనది. ఆయన చేత కరెంటు చేయించే పని కూడా ఇప్పుడు జోరందుకుంది. జాతీయ సౌర మిషన్ 2010లో మొదలైంది. 2025 జనవరిలో దేశ సౌర విద్యుత్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. సంతోషించదగ్గ విషయమే. మరి ఈ ఎండలో రైతు వాటా ఎంత?

రాత్రి కరెంటు అంటే ఏమిటో పల్లెటూళ్ల నుంచి వచ్చిన మిత్రులకు వేరే చెప్పనక్కర్లేదు. టార్చిలైటు పట్టుకుని, పురుగూ పుట్రా తిరిగే గట్ల మీద నడిచి మోటారు వేయాలి. సౌర విద్యుత్తు పగలే పుడుతుంది, చేనుకు నీళ్లు పగలే పెట్టుకోవచ్చు. 2019లో కేంద్రం ప్రారంభించిన పి.ఎం. కుసుమ్ పథకం ఉద్దేశమూ ఇదే. సోలారు పంపు ఖర్చులో మన వంటి రాష్ట్రాల్లో కేంద్రం 30 శాతం, రాష్ట్రం కనీసం 30 శాతం భరించాలి. మిగతాది రైతు వంతు, దానికి బ్యాంకు అప్పు తెచ్చుకోవచ్చు.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. ఎండకు బిల్లు రాదు. బిల్లు రాని మోటారును ఆపేదెవరు? 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమలైన ఉచిత కరెంటు రైతును ఆదుకున్న మాట నిజమే. కాని అందులో నీళ్లు పొదుపు చేసినవాడికి పైసా లాభం లేదు. రేపు సోలారు పంపుతోనూ అంతే. భూగర్భజలం అడుగంటి బోరు ఎండిపోతే, ఆ పలకల మీద వడియాలు ఎండబెట్టుకోవాల్సిందే!

గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండి గ్రామ రైతులు దీనికి దారి చూపించారు. సోలారు పంపులతో సహకార సంఘం పెట్టుకుని, తాము వాడగా మిగిలిన కరెంటును 2016 నుంచి పంపిణీ సంస్థకు అమ్మడం మొదలెట్టారు. అలా అమ్ముకునే వీలుంటే, అవసరం లేకుండా నీళ్లు తోడినవాడి జేబుకే చిల్లు, మోటారు కట్టేసినవాడికి రాబడి. కుసుమ్‌లో కూడా గ్రిడ్డుకు కలిపిన పంపుల రైతులు మిగులు అమ్ముకునే వీలుంది. వీలుంటే చాలదు. సరైన ధర కట్టాలి, డబ్బు వేళకు చేతికి రావాలి.

నష్టాల్లో ఉన్న కరెంటు కంపెనీలు రైతు దగ్గరెలా కొంటాయని కొందరంటారు. దూరం నుంచి తెచ్చే కరెంటు తీగల్లోనే కొంత పోతోంది. ఉచిత సరఫరా ఖర్చు ప్రభుత్వాలు ఎలాగూ మోస్తున్నాయి. ఆ సొమ్ములో కొంత, పొదుపు చేసిన రైతుకిస్తే తప్పేమిటి?

2030 నాటికి బొగ్గు, చమురు, గ్యాసు అక్కర్లేని విద్యుత్ సామర్థ్యం 5 లక్షల మెగావాట్లకు చేరాలన్నది దేశ లక్ష్యం. పెద్ద పెద్ద సోలారు పార్కులతో పాటు చేనిగట్టు మీది పలకలకూ అందులో చోటుండాలి. వడ్లకు మద్దతు ధర ప్రకటించే ప్రభుత్వం ఎండకూ ప్రకటించాలి. ఓమ్ సూత్రం పరీక్షల కోసం వల్లెవేసే మనం, సెలవులకు ఇంటికెళ్లినప్పుడు నాన్నకూ, బాబాయిలకూ ఈ మీటరు లెక్క విప్పిచెప్పగలిగితే, మన సైన్సు చదువుకు అంతకన్నా సార్థకత ఏముంది?