హెచ్చరిక: ఈ రోజు డాలరు రేటుతో రెండేళ్ల చదువు లెక్క కట్టకండి

అమెరికాలో ఎం.ఎస్.కు పిల్లల్ని పంపబోతున్న తల్లిదండ్రులు బ్యాంకు లోను కాగితాల మీద సంతకం పెట్టకముందే ఒక పని చేయాలి. ఖర్చుల అంచనాలో డాలరు పక్కన రాసుకున్న రేటును కొట్టేయాలి. అది ఈ రోజు రేటు. మీరు ఫీజు కట్టేది నాలుగు సెమిస్టర్లకు, నాలుగు వేర్వేరు రోజుల్లో. వీసా కోసం యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రంలో అంకెలు డాలర్లలో ఉంటాయి, లోను మంజూరయ్యేది రూపాయల్లో. మధ్యలో డాలరు పెరిగితే ఆ తేడా బ్యాంకూ భరించదు, యూనివర్సిటీ భరించదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చి మీరే కట్టాలి.

"రూపాయి ఎప్పుడూ పడేదేగా, ఏడాదికి నాలుగు శాతం వేసుకుంటే సరిపోతుంది" అని లెక్కలు తెలిసినవాళ్లే ధైర్యం చెబుతుంటారు. సగటు తీస్తే ఆ మాట నిజమే. 1947లో డాలరు 3 రూపాయల 30 పైసల దగ్గర ఉండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. (స్వాతంత్ర్యం వచ్చిననాడు రూపాయీ డాలరూ సమానమంటూ పంద్రాగస్టు రాగానే వాట్సాప్‌లో తిరిగే సందేశం శుద్ధ అబద్ధం. అప్పట్లో రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలని పౌండుతో ముడిపెట్టారు. పౌండు 4 డాలర్ల 3 సెంట్లు. ఎవరైనా కూర్చుని భాగించుకోవచ్చు.) డెబ్బై ఎనిమిదేళ్లకు పంచితే ఏడాదికి నాలుగు శాతం పైచిలుకే తేలుతుంది.

చిక్కేమిటంటే, రూపాయి ఆ సగటు ప్రకారం నడవలేదు. 1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌండు విలువ తగ్గించుకుంటే మనమూ తగ్గించుకున్నాం, డాలరు 4.76 అయింది. ఆపైన పదహారేళ్లకు పైగా అక్కడే ఉండిపోయింది. 1966 జూన్ 6న ఒక్క దెబ్బతో 7.50కి ఎగిరింది. దాన్ని 36.5 శాతం తగ్గింపు అన్నారు. రూపాయి వైపు నుంచి చూస్తే అంతే. డాలరు కొనేవాడికి మాత్రం అది 57 శాతం ప్రియమైంది. ఫీజు కట్టేవాళ్లు చూసుకోవాల్సింది ఈ రెండో అంకెనే. 1991లో పి.వి. నరసింహారావు ప్రధాని అయిన పది రోజులకే, జూలై 1న, 3న రెండు విడతలుగా తగ్గించారు. 21 దగ్గరున్న డాలరు 26 దగ్గరికి చేరింది.

ఇప్పుడు రేటును మార్కెట్టే తేలుస్తోంది కదా, అలాంటి కుదుపులు రావనుకుంటే 2013ను గుర్తు చేసుకోండి. మే నెలలో డాలరు 55 దగ్గర ఉంది. నెలనెలా కొంటున్న బాండ్లను తగ్గించవచ్చని అమెరికా ఫెడరల్ రిజర్వు అధిపతి బెన్ బెర్నాంకీ మే 22న అన్నారు. ఇంకా తగ్గించనే లేదు, ఆ మాటకే విదేశీ పెట్టుబడులు మన మార్కెట్ల నుంచి తరలిపోయాయి. అప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు మన దువ్వూరి సుబ్బారావు. బ్యాంకులకు రోజువారీ నిధులను ప్రియం చేశారు, బంగారం దిగుమతులకు కళ్లెం వేశారు. అయినా ఆగస్టు 28 నాటికి డాలరు 68.80కి పోయింది. ఆగస్టంటే ఫాల్ సెమిస్టరు ఫీజుల నెల. పది వేల డాలర్ల ఫీజుకు మేలో అయిదున్నర లక్షలు లెక్కేసుకున్న కుటుంబం ఆరు లక్షల ఎనభై ఎనిమిది వేలు కట్టాల్సి వచ్చింది. అక్టోబరుకల్లా రేటు 62 దిగువకు వచ్చింది, నిజమే. ఫీజు గడువు అక్టోబరు దాకా ఆగదు.

ప్రశాంతంగా ఉన్న ఏడాది ఇంకా ప్రమాదం. 2023లో డాలరు దాదాపు ఏడాది పొడవునా 81, 83 మధ్యే తిరిగింది. అప్పుడు 83 వేసుకుని బయలుదేరినవాళ్ల రెండో ఏడాది ముగిసేసరికి, 2025 ఆగస్టు చివర, 88 దాటింది. అలాగని భయపడి ఇప్పుడే అప్పు చేసి మరీ డాలర్లు కొని పెట్టుకోవడమూ తెలివి కాదు. 2006 చివర 44 దగ్గరున్న డాలరు ఏడాది తిరిగేసరికి 40 దిగువకు జారింది. డాలర్లలో బిల్లు వేసే హైదరాబాదు ఐటీ కంపెనీలకు ఆ ఏడాది బాగా గుర్తుండే ఉంటుంది.

కాబట్టి లోను మంజూరు కాకముందే మొదటి ఏడాది ఖర్చుకు పది శాతం, రెండో ఏడాదికి కనీసం పదిహేను శాతం పైన కలిపి అడగండి. మంజూరైనదంతా వాడాలని లేదు, వాడినదానికే వడ్డీ. తర్వాత పెంచమంటే మళ్లీ తనఖా, మళ్లీ తిరుగుళ్లు. కన్సల్టెన్సీ ఇచ్చిన అంచనా కాగితంలో డాలరు రేటు ఏ తేదీదో అడగండి. ఫోనులో కనిపించే రేటు మీకు దొరికేది కాదు. బ్యాంకు వసూలు చేసేది విదేశాలకు డబ్బు పంపేవాళ్లకు డాలర్లు అమ్మే రేటు (టీటీ సెల్లింగ్ రేటు), దాని మీద ఛార్జీలు, జీఎస్టీ. బిల్లు వచ్చాక రేటు తగ్గుతుందేమోనని గడువు చివరి రోజు వరకూ కాచుకోవద్దు.

"అక్కడ ఉద్యోగం వస్తే రూపాయి ఎంత పడితే మనకంత లాభం" అనే ఓదార్పు ఉద్యోగం వచ్చినవాళ్లకే పనికొస్తుంది. ఫీజులు అంతకు ముందే కట్టాలి.

డాలరు పెరిగిన ప్రతిసారీ విద్యార్థుల గ్రూపుల్లో ఇంకో బేరం మొదలవుతుంది. ఇక్కడ ఎవరి ఖాతాలోనో రూపాయలు వేస్తే అక్కడ పిల్లల ఖాతాలో డాలర్లు వేస్తామని, బ్యాంకు కంటే రూపాయో రెండో తక్కువకే ఇస్తామని ఆశపెడతారు. విదేశీ మారకద్రవ్య లావాదేవీల చట్టం (ఫెమా) దీన్ని ఒప్పుకోదు. పైగా ఆ వచ్చిన డాలర్లు ఎవరినో మోసం చేసి లాగినవైతే, పరాయి దేశంలో విచారణకు పిలిపించుకునేది స్టూడెంటు వీసా మీదున్న మీ పిల్లలే.