ధారావాహిక అనుమతి సర్వహక్కుల విక్రయం కాదు

వారపత్రికలో ధారావాహికగా ప్రచురించడానికి అంగీకరించినంత మాత్రాన రచయిత తన రచనను శాశ్వతంగా అమ్ముకున్నట్లు కాదు. అయినా ఒకసారి అచ్చయిన రచనను అడగకుండానే పుస్తకంగానూ, రేడియో పఠనంగానూ, యూట్యూబ్ భాగాలుగానూ వాడుకునేవారున్నారు. "మీకు ప్రచారం లభిస్తున్నది కదా!" అన్నది వారి సమాధానం. ఒక శస్త్రచికిత్సకు రోగి ఇచ్చిన సమ్మతి మరొక శస్త్రచికిత్సకు చెల్లదు. రచయిత సమ్మతి మాత్రం అన్నింటికీ ఎట్లా చెల్లుతుంది?

వైద్యుడైన ఆర్థర్ కానన్ డాయల్ తన తొలి షెర్లాక్ హోమ్స్ నవల సర్వహక్కులను 1886లో 25 పౌన్లకు ఇచ్చివేశాడు. ఆ నవల ఎంత ప్రసిద్ధి పొందినా దానిపై ఆయనకు మరేమీ దక్కలేదు.

మన 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా, సంతకంతో జరగాలి. కాలపరిమితి పేర్కొనకపోతే అది 5 సంవత్సరాలే. బదిలీ తరువాత సైతం, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కును 57వ సెక్షన్ రచయితకే ఉంచింది.

ఆరోగ్య రచనల విషయంలో ఇది డబ్బుకు మించిన సమస్య. ఇన్సులిన్ వాడకాన్ని వివరించిన భాగాన్ని ప్రసారం చేసి, రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదాన్ని హెచ్చరించిన తదుపరి భాగాన్ని వదిలివేస్తే, మూల్యం చెల్లించేది అమాయకుడైన శ్రోత.

కనుక రచయితలు ఏ మాధ్యమానికి, ఎంతకాలానికి, ఎంత పారితోషికానికి అనుమతిస్తున్నారో, కత్తిరింపులకు ఎవరి ఆమోదం కావాలో ముందే వ్రాయించుకోవాలి. అందుకు వెనుకాడే ప్రచురణకర్తకు రచన ఇవ్వకపోవడమే మేలు.