హంగ్ వస్తే ఎవరికి భయం?



పోయిన వారం పోస్ట్ కింద, ఇన్‌బాక్స్‌లో చాలామంది స్టూడెంట్స్ ఒకటే ప్రశ్న అడిగారు. అన్నా, జీహెచ్ఎంసీలో ఎవరికీ మెజారిటీ రాలేదు కదా, అది మనకు మంచిదా చెడ్డదా అని. ఫిబ్రవరి 11న మేయర్ ఎన్నిక కూడా అయిపోయింది కాబట్టి ఇప్పుడు తీరుబడిగా మాట్లాడుకోవచ్చు.

ముందు అంకెలు. 150 డివిజన్లలో టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2. 2016లో టీఆర్ఎస్‌కు 99 ఉండె, బీజేపీకి 4. మజ్లిస్ అప్పుడూ 44, ఇప్పుడూ 44. దుబ్బాక ఓటమి నవంబర్ 10న వచ్చింది, వారం తిరగకుండానే, 17న గ్రేటర్ నోటిఫికేషన్ వచ్చింది. ప్రత్యర్థి తేరుకోకముందే కొట్టేద్దామనుకున్నారు. బ్రిటన్‌లో థెరిసా మే 2017లో ఇదే లెక్క వేసింది. చేతిలో మెజారిటీ ఉండగానే, ఇంకా పెంచుకుందామని మూడేళ్ల ముందే ఎన్నికలకు పోయి, ఉన్న మెజారిటీని కూడా పోగొట్టుకుంది.

ఫలితాల రోజు, డిసెంబర్ 4 రాత్రి, టీవీల్లో హంగ్ అనే మాటను రోగం పేరు చెప్పినట్టు చెప్పారు. నగరం ఆగిపోతుందట, పెట్టుబడులు రావట. చదువుకున్నవాళ్లు 46.55 శాతం పోలింగ్ పట్టుకొని, ఓటెయ్యని జనానికి ఇట్లాంటి ఫలితమే వస్తుందని తిట్టారు. ఆ తిట్లు ఎక్కువగా గేటెడ్ కమ్యూనిటీల నుంచే వచ్చాయి, పోలింగ్ బూత్ వాళ్ల గేటు దాటితేనే ఉంటది. సరే, అది వేరే ముచ్చట.

మా చాంద్రాయణగుట్టలో వినపడ్డది మాత్రం వేరే. అక్బరుద్దీన్ ఒవైసీ 1999 నుంచి ఎమ్మెల్యేగా ఉన్న చోటు ఇది. మజ్లిస్ గెలుస్తదా లేదా అని ఇక్కడ ఎవరూ కాచుకొని కూర్చోలేదు. మొత్తం సిటీలో బీజేపీ ఎక్కడ ఆగిందని చూశారు. బర్కాస్ నుంచి బండ్లగూడ దాకా ముస్లిం దోస్తులు ఎవరిని పలకరించినా ముందొచ్చిన మాట ఒకటే, బచ్ గయే భాయ్. అట్లా ఎందుకన్నారో అర్థం కావాలంటే ఆ ప్రచారం గుర్తుండాలి. మేము గెలిస్తే పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేసి రోహింగ్యాలను, పాకిస్తానీలను తరిమేస్తామని బండి సంజయ్ అన్నాడు. యోగి ఆదిత్యనాథ్ వచ్చి హైదరాబాద్‌ను భాగ్యనగర్ చేస్తామన్నాడు. అమిత్ షా నవంబర్ 29న చార్మినార్ పక్కన భాగ్యలక్ష్మి గుడికి వచ్చిపోయాడు. ఎన్నిక మోరీల గురించి, చెత్త గురించి, నల్లా నీళ్ల గురించి. ప్రచారంలో మాత్రం పాకిస్తాన్ దాకా పోయారు. ఏ గల్లీ మీద స్ట్రైక్ అంటున్నారో ఆ గల్లీల్లో మన ఇళ్లు కూడా ఉన్నాయని వాళ్లకు తెల్వదా? తెలుసు. అయినా మన బస్తీల పిల్లలే కొందరు కాషాయ కండువా కప్పుకొని బండ్లెక్కి ఊరేగారు. వాళ్లను తిట్టి లాభం లేదు. ఇరవై ఏళ్లుగా ఆ పిల్లలతో మనం ఏం మాట్లాడామో అడుక్కోవాలి. దాని మీద ఇంకో వారం రాస్తా.

టీవీల్లో హంగ్ చర్చ ఇంకా నడుస్తుండగానే, డిసెంబర్ 7 పొద్దున మీసేవ సెంటర్ల ముందు లైన్లు కట్టారు. అక్టోబర్ 13 రాత్రి వాన మీకు గుర్తుంది. బండ్లగూడలో గోడ కూలి ఇళ్ల మీద పడింది. పల్లెచెరువు కింద అలీనగర్‌లో మనుషులే కొట్టుకుపోయారు. అయిదు రోజులు కాకముందే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. ఉప్పుగూడ వైపు కూడా ఇళ్లలో నీళ్లు నిలిచాయి. ఇంటికి పదివేలు సాయం అన్నారు, కొందరికి అందింది, కొందరికి అందలేదు. కోడ్ వచ్చిందని నవంబర్ 18న ఎన్నికల సంఘం ఆపించింది. ఎన్నిక కాంగనే ఇస్తామన్నారు కాబట్టి ఆడవాళ్లు ఆధార్ కార్డులు పట్టుకొని పొద్దున్నే వచ్చి నిలబడ్డారు. మీసేవకు రావొద్దు, మా సిబ్బందే మీ ఇళ్లకు వచ్చి చూస్తారని కమిషనర్ ప్రకటించేసరికి వాళ్లు అప్పటికే గంటల తరబడి ఎండలో ఉన్నారు. ఈ ఎన్నిక మీద జనం ఏమనుకుంటున్నారని ఎవరైనా నన్నడిగితే ఆ లైన్‌నే చూపిస్తా. అందులో ముస్లిం ఆడవాళ్లున్నారు, మాదిగ ఆడవాళ్లున్నారు, బీసీలున్నారు. ఎవరికి ఎన్ని సీట్లు వచ్చాయో ఆ లైన్లో ఎవరూ చెప్పుకోలేదు.

ఇప్పుడు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకొస్తా. 2015 జూలైలో జీహెచ్ఎంసీ పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. రోడ్లు ఊడ్చేవాళ్లు ఎవరో, ఏ కులపు ఆడబిడ్డలో మీకు చెప్పక్కర్లేదు. అప్పుడు ప్రభుత్వం బలంగా ఉంది, ఎదురు లేదు. జీతం పెంచుతూనే, సమ్మెలో నిలబడ్డ వందలమందిని పనిలోంచి తీసేసింది. అదే ప్రభుత్వం 2020 నవంబర్ 14న, దీపావళి నాడు, ఎవరూ సమ్మె చెయ్యకుండానే అదే కార్మికులకు 3,000 పెంచి 14,500ను 17,500 చేసింది. మధ్యలో మారింది ఒక్కటే, దుబ్బాకలో ఓడి నాలుగు రోజులైంది.

కాన్షీరాం సాబ్ ఎప్పుడూ చెప్పేది ఇదే. మనకు మజ్‌బూత్ సర్కారు వద్దు, మజ్‌బూర్ సర్కారు కావాలని. బలమైన సర్కారు మన మాట ఎందుకు వింటది? పీకల దాకా వచ్చినప్పుడే వింటది. ఆయన దీన్ని ఉత్తరప్రదేశ్‌లో చేసి చూపించాడు. 1993లో ఎవరికీ మెజారిటీ రాని అసెంబ్లీలో 67 సీట్లతో ములాయంను ముఖ్యమంత్రిని చేశాడు. 1995 జూన్ 3న అదే అసెంబ్లీలో మాయావతి గారు ముఖ్యమంత్రి అయ్యారు. నాలుగున్నర నెలలే ఉన్నారు. బీజేపీ మద్దతు తీసుకున్నారని విమర్శించేవాళ్లు విమర్శించుకోండి, నాకూ దాని మీద పేచీ ఉంది. కానీ ఆ నాలుగున్నర నెలల్లో తాలూకా ఆఫీసు మెట్లెక్కిన దళితుడికి కుర్చీ చూపించారంటే అది హంగ్ పుణ్యమే.

అయితే హంగ్ వచ్చినంత మాత్రాన పని కాదు. ఏం కావాలో అడగడం తెలియాలి. దీనికి బ్రిటన్ వాళ్ల రెండు కథలు చెప్పాలి.

2010లో అక్కడ హంగ్ వచ్చింది. కన్సర్వేటివ్‌లకు మెజారిటీ చాలలేదు, 57 సీట్లున్న లిబరల్ డెమొక్రాట్లు వాళ్లతో కలిసి సర్కారులో కూర్చున్నారు. ఈ లిబరల్ డెమొక్రాట్లు ఎన్నికలప్పుడు యూనివర్సిటీల్లో తిరిగి, ఫీజులు పెంచనియ్యం అని కాగితాల మీద సంతకాలు పెట్టి ఫొటోలు దిగినవాళ్లు. ఆర్నెల్లు దాటిందో లేదో, డిసెంబర్‌లో ఫీజు పరిమితిని 9,000 పౌండ్లకు పెంచే బిల్లు వాళ్ల మద్దతుతోనే పాసైంది. విద్యార్థులు లండన్ రోడ్ల మీదికొచ్చారు. 2015లో ఆ పార్టీకి మిగిలింది 8 సీట్లు.

2017లో మళ్లీ హంగ్. ఈసారి థెరిసా మేకు ఉత్తర ఐర్లండ్‌లోని డీయూపీ అవసరమైంది. 650 మంది సభలో ఆ పార్టీకి 10 మంది. ఆ పార్టీ మతవాద రాజకీయం మీద నాకే గౌరవమూ లేదు. కానీ వాళ్లు చేసిన పని చూడండి. రెండు వారాలకు పైగా బేరం ఆడి, జూన్ 26న కాగితం మీద సంతకం పెట్టించుకొని, ఆ కాగితాన్ని లోకం ముందు పెట్టారు. ఉత్తర ఐర్లండ్‌కు అదనంగా 100 కోట్ల పౌండ్లు. రోడ్లకెంత, ఆస్పత్రులకెంత, ఇంటర్నెట్‌కెంత అని విడివిడిగా.

ఆ రెండు హంగ్ పార్లమెంట్ల మధ్యే మన కథ కూడా ఒకటి నడిచింది, అది ఇక్కడి పేపర్లలో పెద్దగా రాలేదు. బ్రిటన్ 2010 సమానత్వ చట్టంలో కులాన్ని కూడా చేర్చే వీలు పెట్టారు. అక్కడి దళిత సంఘాలు పార్లమెంటు ముందు నిలబడి కొట్లాడితే 2013లో దాన్ని తప్పనిసరి చేశారు. 2018 జూలైలో థెరిసా మే ప్రభుత్వం ఆ చట్టం తేవాల్సిన అవసరం లేదని చేతులు దులుపుకుంది. మజ్‌బూర్ సర్కారే కదా మరి? మజ్‌బూరే. కానీ దాని గల్లా పట్టుకునే పది మంది మనకు ఆ సభలో లేరు.

పది అంటే గుర్తొచ్చింది. జీహెచ్ఎంసీ 150 డివిజన్లలో ఎస్సీలకు రిజర్వ్ అయినవి ఎన్నో తెలుసా? పది. డీయూపీకి ఉన్నంత మందే. అది కూడా 650లో కాదు, 150లో. ఎవరికీ మెజారిటీ లేని సభలో పది మంది ఒక్కచోట నిలబడితే మేయర్ కుర్చీ కదులుతది. ఫిబ్రవరి 11న ఏమైంది? అధికార పార్టీలో మేయర్ ఎవరన్నది సీల్డ్ కవర్‌లో వచ్చింది. తాము ఎవరికి చెయ్యి ఎత్తాలో కార్పొరేటర్లకే ఆ పొద్దటి దాకా తెలియదు. కవర్ విప్పారు, గద్వాల విజయలక్ష్మి పేరు చదివారు, చేతులెత్తారు, అయిపోయింది. ఆ చేతుల్లో మనవాళ్ల చేతులు కూడా ఉన్నాయి, పార్టీల వారీగా చీలి. వాళ్లను వ్యక్తులుగా నిందించను, విప్ ధిక్కరిస్తే పదవే పోతది. 1932లో పూనాలో బాబాసాహెబ్ చేతులు కట్టేసి రాయించుకున్నది ఇదే. సీటు మనది, మనిషి మనవాడు, చెయ్యి మాత్రం పార్టీది.

ఇక మజ్లిస్. 44 మంది కార్పొరేటర్లు, పైన ఎక్స్ అఫీషియో ఓట్లు. ప్రచారంలో టీఆర్ఎస్‌తో పొత్తు లేదన్నారు, టీఆర్ఎస్ కూడా లేదంది. మేయర్ ఎన్నిక రోజు మద్దతిచ్చారు. బీజేపీని ఆపడానికి ఇచ్చామంటే నేను కాదనను, మా గల్లీలో బచ్ గయే అన్నవాళ్ల భయం నిజమైన భయం. నా ప్రశ్న వేరే. దేనికి ఇచ్చారు? కాగితం ఏది? గుర్రం చెరువు కట్టకు ఎంత, పల్లెచెరువు కింద నాలాకు ఎంత, పదివేలు అందని ఇళ్లు ఎన్ని, ఎప్పటిలోగా? జనం ముందు పెట్టిన ఒక్క పేజీ కూడా నేను చూడలేదు. 2000 ఆగస్టు వరదల తర్వాత నాలాల మీద కిర్లోస్కర్ కన్సల్టెంట్స్‌తో నివేదిక రాయించారు. అడగడానికి కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు, ఆ నివేదిక దుమ్ము దులిపితే చాలు. జై భీమ్ జై మీమ్ అనే పార్టీ పారిశుధ్య కార్మికుల పర్మినెంట్ గురించి ఆ రోజు ఒక్క షరతు పెట్టి ఉంటే ఆ నినాదానికి ఒక అర్థం ఉండేది. 1980ల చివర్లో మేము కె. ప్రకాశరావును, ఎ. సత్యనారాయణను, ఆలంపల్లి పోచయ్యను మేయర్లను చేశామని గుర్తు చేస్తారు. చేశారు, సంతోషం. పదవి పంచడం వేరు, బస్తీకి పని రాయించుకోవడం వేరు.

మజ్లిస్ మిత్రులు ఒక జవాబు చెప్తారు. ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీల ఓట్లతో టీఆర్ఎస్ ఎట్లాగూ బీజేపీ కంటే ముందుంది, మేము ఊరుకున్నా మేయర్ వాళ్లే అయ్యేవాళ్లు అని. లెక్క ప్రకారం నిజమే. జనం 56 ఇస్తే, జనం వార్డుల్లో ఎన్నుకోని వాళ్లు వచ్చి మిగతాది నింపే పద్ధతే అసలు తప్పు, దాని మీద కోర్టుల్లో, బయటా కొట్లాడాలి. కానీ మేయర్ ఎన్నికతో అయిపోలేదు కదా. స్టాండింగ్ కమిటీ ఇంకా ఉంది. 15 మంది, కార్పొరేటర్లే తమలోంచి ఎన్నుకుంటారు. పనులు, టెండర్లు, పైసలు దాని మీదుగానే పోతాయి. అక్కడ 56కి 44 కావాలి. ఏటా బడ్జెట్ వస్తది, దానికీ కావాలి.

కాబట్టి క్యాంపస్‌లో ఉన్న పిల్లలకు నేను చెప్పేది ఇది. స్టాండింగ్ కమిటీ ఎన్నిక లోపల మనం చెయ్యాల్సిన పని ఉంది. ఎస్సీ రిజర్వుడు డివిజన్ల నుంచి గెలిచిన పది మందినీ, ఏ పార్టీ అయినా సరే, ఒక్కొక్కరి ఇంటికి పోయి కలవాలి. చేతిలో ఒకే కాగితం పట్టుకొని పోవాలి. అందులో నాలుగంటే నాలుగు అడుగుదాం. పారిశుధ్య కార్మికుల పర్మినెంట్, వరద సాయం అందని ఇళ్ల జాబితా బయటపెట్టడం, చెరువు కట్టలకు, నాలాలకు డివిజన్ వారీగా కేటాయింపు, మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపిన కాంట్రాక్టర్ మీద కేసు. సంతకం పెడతారా పెట్టరా అన్నది వాళ్లిష్టం. పెట్టినవాళ్ల పేర్లూ, పెట్టనివాళ్ల పేర్లూ ఇక్కడే రాస్తా. మార్చి మొదటి ఆదివారం నుంచి మొదలుపెడదాం. బండి ఉన్నవాళ్లు, ఉర్దూలో మాట్లాడగలిగే ఆడపిల్లలు ముందు మెసేజ్ పెట్టండి.