గుంత పూడిస్తే శిలాఫలకం వేయరు

దాళ్వా కోతలయ్యాక ఏ కళ్ళంలో చూసినా ఒకటే గోడు. ధాన్యం ఉంది, లారీ రాదు. పుంత రోడ్డు మీద గుంతలు చూసి డ్రైవరు మెయిన్‌ రోడ్డు మీదే బండి ఆపేస్తాడు. అక్కడిదాకా ట్రాక్టరు కిరాయి, మళ్ళీ లారీకెక్కించడానికి జట్టు కూలి. రెండూ రైతు నెత్తినే.

చిన్న లెక్క వేద్దాం. ఈ అదనపు ఖర్చు బస్తాకి 10 రూపాయలే అనుకోండి. ఎకరానికి 30 బస్తాలు చొప్పున రెండు పంటలకి 60 బస్తాలు, అంటే 600 రూపాయలు. మూడెకరాలకి 1,800. 2019లో మొదలైన పీఎం కిసాన్‌ ఒక్కో విడత ఇచ్చేది 2,000. ఒక చేత్తో వచ్చిన విడత ఇంచుమించు మరో చేత్తో గుంతల్లో పోతోందన్నమాట. కౌలు రైతుకి ఆ విడత కూడా లేదు. అది భూమి ఎవరి పేరున ఉంటే వారికే. గుంతల ఖర్చు మాత్రం కౌలుదారుడిదే.

పథకాలు వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక కడుపు నిండిన ఇళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నాయి. 2004లో ఉచిత కరెంటు వచ్చాక బోరు రైతు ఊపిరి పీల్చుకున్నాడు. అవి అవసరమే. కాకపోతే పథకానికి పేరుంటుంది, ఫొటో ఉంటుంది. కొత్త రోడ్డుకైతే శిలాఫలకం ఉంటుంది. గుంత పూడిస్తే ఎవరూ ఫలకం వేయరు, ఓట్లూ రాలవు. అందుకే ఆ పని ఏటా వెనక్కి పోతుంది. తట్టెడు కంకరతో పోయే గుంత నాలుగు వానలకి చెరువవుతుంది. అప్పుడు లక్షలు పెట్టి రోడ్డంతా మళ్ళీ వేయాలంటారు.

తప్పు నాయకులదేనా? కాదు. ఇనుప దమ్ము చక్రాలతో ట్రాక్టర్ని తారు రోడ్డు ఎక్కించేది మనమే. చేను అంగుళం పెంచుకోవాలని రోడ్డు పక్క కాలువ పూడ్చేదీ మనమే. రోడ్డుకి నీరే శత్రువు. నిలిచిన నీళ్ళు అడుగుని నానబెట్టాక పైన ఎంత తారు పోసినా నిలవదు. వానలకి ముందే పక్క కాలువ, తూములు బాగుచేసుకుంటే సగం రోడ్డు బతికినట్టే.

మిగతా సగం అడిగి చేయించుకోవాలి. ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోండి. పంచాయతీదా, పంచాయతీరాజ్‌ శాఖదా, ఆర్‌ అండ్‌ బీదా, కాలువ గట్టయితే ఇరిగేషన్‌ వారిదా? అది తేలకపోతే ఒక ఆఫీసువాళ్ళు ఇంకో ఆఫీసుకి తిప్పుతూనే ఉంటారు. ప్రధానమంత్రి గ్రామ సడక్‌ యోజన రోడ్డయితే, పూర్తయ్యాక ఐదేళ్ళు మరమ్మతులు చూడాల్సిన బాధ్యత వేసిన కాంట్రాక్టరుదే. ఆ వివరాల బోర్డు రోడ్డు మొదట్లో ఉంటుంది, చదవండి. ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అనేది 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. అర్జీకి గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. గ్రామసభకి పదిమంది కలిసి వెళ్ళి, రోడ్డు సంగతి తీర్మానంలో రాయించండి. నోటిమాట గాలికి పోతుంది, కాగితం నిలుస్తుంది.

ఈసారి ఓటడగడానికి ఎవరొచ్చినా “ఎంత ఇస్తారు?” అన్న ప్రశ్నతో ఆగకండి. “మా పుంతలో గుంతలు ఏటా ఎవరు పూడుస్తారు? ఆ డబ్బు ఏ పద్దులోంచి తెస్తారు?” అని కూడా అడగండి. జవాబు చెప్పలేని వారిని ఆ పుంత మీదే కళ్ళం దాకా నడిపించండి. చెప్పులు చేతబట్టుకుని వెనక్కి వచ్చేసరికి మన బాధ వాళ్ళకే తెలుస్తుంది.