శాంపిలే కదా అంటారేంటండీ?

మనవాళ్ళు ఆర్‌లో ప్యాకేజీ రాస్తారు. ఫంక్షన్ల హెల్ప్ పేజీలు ముచ్చటగానే ఉంటాయి. డేటాసెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "భారతదేశ ఇన్‌పుట్-అవుట్‌పుట్ టేబుల్, 10 అడ్డ వరసలు, 10 నిలువు వరసలు" అని ఒక్క ముక్క రాసి చేతులు దులిపేసుకుంటారు. వరసలు ఎన్నున్నాయో నేను లెక్కపెట్టుకోలేనా?

డేటాకి హెల్ప్ పేజీ లేకపోతే ఆర్ చెక్ కమాండ్ వార్నింగిస్తుంది. పేజీలో ఏం రాశామో దానికి అక్కర్లేదు. మనకీ ఆ వార్నింగ్ పోతే చాలు!

నేనేం సుద్దపూసని కాదు. కేంద్ర గణాంక సంస్థ వాళ్ళ 2007-08 టేబుల్‌ని (అసలుది 130 రంగాలు) కుదించి నేనూ ఓ శాంపిల్ చేశా. పేజీలో ఆ ఒక్క ముక్కే. టీంలో జూనియర్ అమ్మాయి వచ్చి "అన్నా, ఇందులో దిగుమతులు కలిసున్నాయా, తీసేశారా?" అంది. నోరెళ్ళబెట్టా.

కలిసే ఉన్నాయి. చివర్లో ఓ కాలంలో మైనస్‌గా చూపిస్తారంతే. దాంతో ఏమవుతుందో చూడండి. మన ముడిచమురులో 80 శాతం పైగా బయటినుంచి వచ్చేదే. రిఫైనరీ కొన్నదంతా ఇక్కడే తవ్వినట్టు లియోంటీఫ్ ఇన్వర్స్ తీశారనుకోండి, పెట్రోలుకి గిరాకీ పెరిగినప్పుడల్లా మన చమురు బావుల్లో ఉద్యోగాలు పుట్టుకొస్తాయి. స్క్రీన్ మీద మాత్రమే లెండి. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, దశాంశాలతో సహా చక్కటి అంకె వస్తుంది.

ఇంకోటి. అంకెలు లక్షల్లోనా, కోట్లలోనా? ఇన్వర్స్‌కి ఇది పట్టదు, నిష్పత్తులే కాబట్టి. కానీ ఎంత ఉత్పత్తికి ఎన్ని ఉద్యోగాలు అని గుణించగానే తేడా వంద రెట్లు. అలాగే అమ్మేవాడు అడ్డంగా ఉన్నాడా, నిలువుగా ఉన్నాడా? అది తిరగబడితే లియోంటీఫ్ అనుకుని ఘోష్ 1958లో చెప్పిన మోడల్ కోఎఫిషియంట్లు తీస్తుంటారు. ధరలు ఫ్యాక్టర్ కాస్ట్‌లో ఉన్నాయా, కొనేవాడు కట్టే ధరలోనా? 130 రంగాల్లో ఏవి ఏ పదిలోకి వెళ్ళాయి? ఇవి రాయని పేజీ ఎందుకండీ, అట్ట మీద బొమ్మలాగానా?

"శాంపిల్ డేటాని సీరియస్‌గా ఎవరు తీసుకుంటారు బాసూ" అన్నాడు మా లీడ్. శాంపిల్ కోడ్ ప్రొడక్షన్‌లోకి పోకుండా ఆగిన కంపెనీ ఒక్కటి చూపించమనండి! డేటా అయినా అంతే. హెల్ప్‌లో ఉదాహరణ కాపీ కొడతారు, అది ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో తేలుతుంది.

ఫంక్షన్ రాయడానికి నాకు ఒక పూట పట్టింది, ఆ పేజీ తిరగరాయడానికి రెండ్రోజులు. టైమ్‌షీట్‌లో దాన్ని ఏ పద్దు కింద వెయ్యాలో మా లీడ్‌కి ఇంకా తేలలేదు.