వలందపాలెం నుంచి ఒక పేరు

బందరు వాళ్లకు వలందపాలెం తెలియనిది కాదు. వలందులంటే హాలండ్ వాళ్లు. 1605లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్న డచ్చి కంపెనీకి స్వదేశంలో ఆరు శాఖలు ఉండేవి. వాటిలో ఒకటి మిడెల్‌బర్గ్ రేవులో. ఆ ఊళ్లోనే 1914 జనవరి 15న ఎట్టీ హిల్లెసుమ్ అనే యూదుల పిల్ల పుట్టింది. 29 ఏళ్ల వయసులో ఆమెను నాజీలు ఆష్‌విట్జ్ శిబిరంలో చంపేశారు.

ఎట్టీ న్యాయశాస్త్రం చదివింది, రష్యన్ పాఠాలు చెప్పింది. 1941 మార్చిలో డైరీ మొదలుపెట్టింది. దాక్కోమని స్నేహితులు బతిమాలినా వినలేదు. తనవాళ్లు ఎక్కడుంటే తానూ అక్కడేనంది. 1943 సెప్టెంబరు 7, మంగళవారం. అమ్మానాన్నలతో, తమ్ముడితో కలిసి, యూదులను ఉంచిన వెస్టర్‌బోర్క్ శిబిరంలో ఆష్‌విట్జ్ రైలెక్కింది. కదులుతున్న పెట్టెలోంచి ఒక కార్డు బయటికి విసిరింది. పట్టాల పక్కన అది దొరికిన రైతులు పోస్టులో వేశారు. డైరీ మాత్రం 1981 దాకా అచ్చు కాలేదు.

హాలండ్‌లోని దాదాపు 1,40,000 మంది యూదుల్లో 1,02,000 మంది తిరిగి రాలేదు. నాజీలకు వాళ్లను వెతికి పట్టుకోవడం సులువు కావడానికి ఒక ముఖ్య కారణం డచ్చి ప్రభుత్వ జనాభా రిజిస్టర్లే. పేరు, చిరునామా, మతం అన్నీ పొల్లుపోకుండా రాసి ఉన్నాయి. 1943 మార్చి 27న కొందరు దేశభక్తులు ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టర్ ఆఫీసుకు నిప్పు పెట్టారు. అందుకు 12 మందిని కాల్చి చంపారు.

పేర్ల జాబితా ప్రాణం తీసిన దేశంలోనే ఇప్పుడు పేర్లతో గోడలు లేచాయి. 2021లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తెరిచిన స్మారకంలో ఒక్కొక్కరికీ ఒక్కో ఇటుక. దాని మీద పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన వయసు. 1,02,000 అనే అంకె ముందు మనిషి తలవంచి వెళ్లిపోతాడు. ఒక్క ఇటుక ముందు మాత్రం ఆగి చదువుతాడు.

బందరులోనూ, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలోనూ యూదు ధర్మం పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఎట్టీ వాళ్లకే కాదు, మనకూ పరాయిది కాదు. బందరు డచ్చి సమాధుల మీద ఉబ్బెత్తు అక్షరాల్లో చెక్కిన పేర్లు మూడు వందల ఏళ్లు దాటినా నిలిచే ఉన్నాయి. 1977 నవంబరు 19న ఉప్పెనలో పోయిన మన దివిసీమ జనాన్ని మాత్రం గుట్టలుగా పేర్చి దహనం చేయాల్సి వచ్చింది. ఉప్పెన వేరు, హత్య వేరు. రెంటినీ ఒకే గాటన కట్టలేం. కానీ పేరు లేకుండా పోయిన మనిషికి జరిగే అన్యాయం రెండుచోట్లా ఒకటే.

ఉప్పెనలో పోయినవాళ్ల పేర్లు చెప్పగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ నవంబరు 19న దండలు వేసే పెద్దలు పక్కనే ఒక నోటు పుస్తకం కూడా పెట్టండి. ఊరూ పేరూ వయసూ అడిగి రాయించండి.