రూపాయి అద్దె ఆసుపత్రి



పోయిన భాగం చదివి ఒకాయన నన్ను గట్టిగానే అడిగారు: "ప్రైవేటు ఆసుపత్రి వాళ్ల సొంత డబ్బుతో కట్టుకున్నారు. అందులో మీకు ఉచితంగా వైద్యం ఎందుకు చెయ్యాలి? మీకు ఫ్రీగా తినడం అలవాటైపోయింది."

సరే అన్నా. ఫ్రీగా ఎవరు తిన్నారో లెక్క తీద్దాం.

చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి గారు 1983లో మద్రాసులో అపోలో ఆసుపత్రి పెట్టారు. 1988లో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఇంకొకటి వచ్చింది. నేను చెప్పేది 1996లో మొదలైన ఢిల్లీ ఇంద్రప్రస్థ అపోలో గురించి. దాన్నే ఎందుకు తీసుకున్నానంటే, దాని లెక్క హైకోర్టు తీర్పులో ఉంది. నా కడుపుమంట అని ఎవరూ కొట్టిపారెయ్యలేరు.

వైద్యం గొప్పది కాదని నేను అనను. 1998లో ఒక పసిబిడ్డకు కాలేయ మార్పిడి చేసి బతికించింది అక్కడే. పిల్లలకు ఆ ఆపరేషన్ విజయవంతం కావడం మన దేశంలో అదే మొదటిసారి. ఆ డాక్టర్ల చేతులకు దండం.

కానీ ఆ ఆసుపత్రి నిలబడ్డ నేల ఎవరిది? ప్రభుత్వానిది. 15 ఎకరాలు. అద్దె ఎంతో తెలుసా? నెలకు ఒక్క రూపాయి! పైగా అందులో ఢిల్లీ ప్రభుత్వానికి 26 శాతం వాటా ఉంది. మనందరి సొమ్ము అది. బదులుగా ఒప్పుకున్న షరతు: మూడో వంతు పడకలు పేదలకు ఉచితం, ఓపీలో 40 శాతం మందికి ఉచితం.

నేల తీసుకున్నారు. షరతు దగ్గరికి వచ్చేసరికి భాష మారింది. ఉచితమంటే మంచం, డాక్టరు మాత్రమేనట. మందులు, సూదులు, సామాన్లు రోగే కొనుక్కోవాలట. గుండె జబ్బుతో వచ్చిన కూలీకి ఖాళీ మంచం ఇచ్చి ఏం లాభం? కేసు పడింది. 2009 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు తేల్చి చెప్పింది: షరతు తప్పారు, ఉచితమంటే మందులతో సహా ఉచితమే. 2 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఒక్క గుండె ఆపరేషన్ బిల్లంత! 2018లో సుప్రీంకోర్టు కూడా, ఢిల్లీలో రాయితీ మీద ప్రభుత్వ భూమి తీసుకున్న ఆసుపత్రులు పేదలకు ఉచితంగా వైద్యం చెయ్యాల్సిందేనని చెప్పింది.

రూపాయికి 15 ఎకరాలు తీసుకుంటే దాని పేరు అభివృద్ధి. మా పిల్లలకు మెడికల్ సీటు వస్తే దాని పేరు రిజర్వేషన్. మా ముసలోళ్లకు మంచం అడిగితే దాని పేరు ఉచితాలు. ఈ పేర్లు పెట్టిందెవరు?

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా చిన్నమ్మ హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో, ఏజెన్సీ కింద, తొమ్మిదేళ్లు రాత్రి డ్యూటీ ఊడ్చింది. పేరు చెప్పను. పైన చెప్పిన సంస్థ మాత్రం కాదు. అక్షరం రాని మనిషి, ఏ చెత్త పసుపు సంచిలో వెయ్యాలో, ఏది ఎర్ర సంచిలో వెయ్యాలో నర్సులకు చెప్పేది. ఒక రాత్రి అక్కడే ఛాతీ పట్టుకుని కూలబడింది. బీపీ చూశారు. 50 వేలు కట్టమన్నారు. ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే, ఈ జబ్బుకు ఇక్కడ లేదన్నారు. చివరికి ఆటోలో గాంధీకి తీసుకుపోయాం. బతికించింది గాంధీ ఆసుపత్రి.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముందు వైద్యం చెయ్యాలి, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా, అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆ తీర్పు ఆ గేటు దాకా రాలేదు. నెల తర్వాత పనికి పోతే ఆమె చోట్లో ఇంకొకరున్నారు. ఈఎస్ఐ ఉందా అని అడిగితే అసలు పేరే ఎక్కించలేదని తేలింది.

చిన్నమ్మ ఒక్కటే మాట అంది: "బిడ్డా, ఆ మంచం రోజూ నేనే తుడిచిన. దాని మీద నన్ను పండనియ్యలే."

ఆ గదులు ఊడ్చేదెవరు? రక్తపు బట్టలు ఉతికేదెవరు? శవాలను మోసేదెవరు? ఎక్కువమంది మా మాదిగ, మాల, రెల్లి వాడల నుంచి పోయినోళ్లే. ఆపరేషన్ థియేటర్‌లో మెరిట్ కావాలంటారు. మార్చురీలో మాత్రం మా కులం కావాలి.

నేను దానం అడగడం లేదు. ప్రభుత్వ భూమి తీసుకున్న ప్రతి ఆసుపత్రి గేటు దగ్గర ఎన్ని ఎకరాలు, ఎంత అద్దెకు, ఏ షరతు మీద తీసుకుందో తెలుగులో బోర్డు పెట్టాలి. ఇయ్యాళ ఎన్ని ఉచిత పడకలు ఖాళీగా ఉన్నాయో పక్కనే రాయాలి. ఆరోగ్యశ్రీ ఏ జబ్బుకు ఉందో, దేనికి లేదో గోడ మీద ఉండాలి. ఊడ్చే ప్రతి చేతికీ ఈఎస్ఐ కార్డు ఉండాలి.

మీ దగ్గరలోని ఆసుపత్రి భూమి ఎవరిదో ఆర్టీఐ కింద అడగండి. దరఖాస్తు రుసుము పది రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ లేదు.

వాళ్లకు ఒక నెల అద్దె కన్నా మనకు ఒక ప్రశ్న ఖరీదే పదింతలు. అయినా అడుగుదాం.

జై భీమ్.